క్లచ్ కంప్లయింటుకు ఒక బహిరంగ లేఖ

క్లచ్ కంప్లయింట్!

ఉత్తరం మొదట్లో 'ప్రియమైన' అని రాయడం మా అలవాటు. నీకు అలా రాయడానికి చెయ్యి రావడం లేదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిలో, శిఖరం ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా, చీకటి పడే వేళ నువ్వు చేసిన పని ఇంకా నా కళ్ల ముందే ఉంది.

విజయవాడలో మధ్యాహ్నం బయల్దేరాం. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు. ముందు సీట్లో మా ఆవిడ. డిక్కీ నిండా సామాను. వినుకొండ దాటేదాకా బండి బాగానే లాగింది. దోర్నాల చెక్‌పోస్టు దాటి ఘాట్ మొదలయ్యాక, మూడో గేర్లో ఎక్కుతున్న బండి ఉన్నట్టుండి గొంతు పెంచింది. యాక్సిలేటర్ తొక్కుతున్న కొద్దీ ఇంజిన్ మోత పెరుగుతోంది, వేగం మాత్రం తగ్గుతోంది. ఆర్పీఎం ముల్లు 4,000 దగ్గర ఉంది, స్పీడ్ ముల్లు 30 నుంచి 20కి దిగింది. కాగితం, వెంట్రుకలు కలిపి కాల్చినట్టు ఒక వాసన లోపలికి వచ్చింది.

"ఏదో మాడుతోందిరా" అంది అమ్మ.

మాడుతున్నది క్లచ్ ప్లేటని నాకు తెలుసు. ఆరు నెలల కిందటే మార్పించిన ప్లేటు అది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, మొత్తం సెట్టు. 8,500 రూపాయలు బిల్లు కట్టి, రెండు రోజులు బండి లేకుండా తిరిగాను. అది పులులు తిరిగే అడవి. రాత్రి తొమ్మిది దాటితే ఆ దారిలో బండ్లను వదలరు. ఫోన్ సిగ్నల్ లేదు. రోడ్డు వెడల్పున్న చోట పక్కకు ఆపి, అద్దాలెత్తి అరగంట కూర్చున్నాం. పిల్లలు అడిగినదానికల్లా అమ్మ జవాబు చెబుతోంది. నేను మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఒక్కటే ఆలోచించాను. కొత్త ప్లేటు ఇలా ఎలా పోతుంది?

ప్లేటు చల్లారాక ఫస్ట్ గేర్లో, సెకండ్ గేర్లో, యాక్సిలేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి శిఖరం దాకా లాక్కొచ్చాను. అక్కణ్ణుంచి దిగుడు. ఆ రాత్రి శ్రీశైలంలో సత్రం మంచం మీద నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం రాయాలని అప్పుడే అనుకున్నాను. నీ మీద కోపంతో మొదలుపెట్టాలనుకున్న ఉత్తరాన్ని, నీ గురించి తెలుసుకున్నాకే రాస్తున్నాను.

తిరిగొచ్చిన వారానికి ఆటోనగర్లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు, జాకీ తీయలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"ఎప్పుడు జారుతోంది మాస్టారూ, బండి తీసిన వెంటనేనా, వేడెక్కాకా?"

"వేడెక్కాకే."

"పెడల్ బరువుందా, తేలిగ్గా ఉందా?"

"ఎప్పటిలాగే ఉంది."

"కిందటిసారి మార్చినప్పుడు పాత ప్లేటు మీ చేతికిచ్చారా?"

ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఆయన తల పంకించి, బండి తాళాలు తీసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీగా ఉన్న వెనక రోడ్డు మీదికి పోనిచ్చాడు. నాలుగో గేర్లో 40 స్పీడులో వెళ్తూ యాక్సిలేటర్ ఒక్కసారి నిండా తొక్కాడు. ఇంజిన్ మోత ఎగిరింది, బండి ఎగరలేదు. మూడు సెకన్లలో కాలు తీసేశాడు. "ఇంకోసారి చెయ్యకూడదు, ఉన్న ప్లేటు కూడా పోతుంది" అన్నాడు.

నువ్వు మొదట బయటపడే చోటు అదే. ఫస్ట్ గేర్లో గేర్ల పళ్ల లెక్క ఇంజిన్‌కి సాయం చేస్తుంది, బండిని కదపడం తేలిక. గేరు పెరిగిన కొద్దీ ఆ సాయం తగ్గి, బండి బరువంతా ఇంజిన్ ముందు నిలబడుతుంది. ఇంజిన్‌కీ బండికీ మధ్య పట్టు సడలిందంటే ముందు తెలిసేది నాలుగు, ఐదు గేర్లలోనే. అదీ ఎత్తు మీద, నిండా జనం ఉన్నప్పుడు. ఊళ్లో మామూలుగా తిరిగేవాళ్లకు నువ్వు కొన్నాళ్లు కనిపించవు. ఘాట్ ఎక్కినప్పుడు బయటపడతావు, సాయం దొరకని చోట.

ఇంకో పరీక్ష చాలామందికి తెలుసు. ముందూ వెనకా ఎవరూ లేని చదునైన చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, ఫుట్ బ్రేక్ మీద కుడికాలు ఉంచి, ఇంజిన్ ఆన్‌లో మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. పట్టు బాగుంటే ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. మేస్త్రి దీన్ని కూడా ఒక్కసారికి మించి చెయ్యొద్దన్నాడు. నువ్వు ఉన్నావో లేవో చూడ్డానికి చేసే ప్రతి పరీక్షా ప్లేటులో కొంత తింటుంది.

జారుతోందని తేలింది. అక్కడితో ఆగి 'సెట్ మార్చాలి' అని ఉంటే, ఆయన కూడా మొదటి గ్యారేజీ వాళ్లలాగే అయ్యేవాడు. ఆయన ఆగలేదు. మా బండిది కేబుల్ క్లచ్. పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కి చూశాడు. పైన కొంత దూరం ఏ బరువూ లేకుండా దిగింది, తర్వాత బరువు తగిలింది. ఆ తేలికగా దిగే దూరాన్ని ఫ్రీ ప్లే అంటారు. ఎంత ఉండాలో బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కేబుల్ బిగువైపోయి అది బొత్తిగా లేకపోతే, కాలు పెట్టకపోయినా రిలీజ్ బేరింగ్ స్ప్రింగుని నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు మంచి ప్లేటు కూడా జారుతుంది. కేబుల్ చివరనున్న నట్టుని సరిచేస్తే పోయే బాధకు గేర్‌బాక్స్ దింపించుకున్నవాళ్లు ఎంతమందో! మా బండికి ఆ తేడా లేదు.

తర్వాత టార్చ్ తీసుకుని బండి కింద దూరాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింది అంచు తడిగా ఉంది. వేలితో తుడిచి, బయటికొచ్చి, నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసన?"

ఘాటుగా, గంధకంలా, ముక్కుకు పట్టి వదలని వాసన.

"ఇంజిన్ ఆయిల్ ఇంత తిరిగాక నల్లబడుతుంది, మాడిన వాసన వేస్తుంది. ఇది గేర్ ఆయిల్ మాస్టారూ. గేర్‌బాక్స్ ముందు సీలు కారుతోంది."

నాకు ఒక్కసారిగా మా వాకిలి గుర్తొచ్చింది. పోర్టికోలో ముగ్గు వేసే ముందు అమ్మ రోజూ కడుగుతుంది. నాలుగైదు నెలలుగా ఒకే మాట అంటోంది. "ఈ మచ్చ ఎంత తోమినా మర్నాటికి మళ్లీ ఇక్కడే పడుతోందిరా." బండి ముందు చక్రాల మధ్య, రూపాయి బిళ్లంత. పాత బండికి మామూలేనని చెప్పి ఊరుకున్నాను. నీ చిరునామా మా ఇంటి గచ్చు మీద రోజూ రాసి ఉంది. దాన్ని చదివింది ఒక్క మా అమ్మే.

గేర్‌బాక్స్ దింపేటప్పుడు దగ్గరుండి చూశాను. దింపే ముందే ఆయిల్ వార్చారు, రావాల్సినంత రాలేదు. ఇంకొన్నాళ్లు తిరిగుంటే గేర్లు కూడా ఎండిపోయేవట. యాక్సిళ్లు ఊడదీసి, గేర్‌బాక్స్‌ని పక్కకు జరిపాక ప్లేటు బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని తుడవకుండానే నా చేతిలో పెట్టాడు. ప్లేటుకు రెండు వైపులా ఒరుసుకునే పీచు రింగు మీద రివెట్లుంటాయి, వాటి తలలు రింగు పైభాగం కంటే లోపలికి ఉండాలి. అరిగిన ప్లేటులో రివెట్లు పైకి తేలి, ఇంజిన్ వైపున్న ఫ్లైవీల్ చక్రాన్ని గీరతాయి. నా చేతిలో ఉన్న ప్లేటులో రివెట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. పీచు మందం కొత్తదానికి దగ్గరగా ఉంది. కానీ గేర్‌బాక్స్ వైపు ముఖం నల్లగా, అద్దంలా మెరుస్తోంది. వేలు పెడితే జిడ్డు.

"ప్లేటు అరగలేదు మాస్టారూ. తడిసింది."

ఆ ఒక్క మాటకోసమే నేను ఈ ఉత్తరం రాస్తున్నానంటే అబద్ధం కాదు. ఆరు నెలల కింద మొదటి గ్యారేజీలో తీసిన పాత ప్లేటు కూడా ఇలాగే తడిసి ఉంటుంది. వాళ్లు ప్లేటు మార్చారు, ప్లేటుని తడుపుతున్న సీలుని వదిలేశారు. సీలంటే చిటికెన వేలంత వెడల్పున్న రబ్బరు చుట్టు. పెదవి గట్టిపడి, చిన్న చీలిక వచ్చింది. ఖరీదు 180 రూపాయలు. గేర్‌బాక్స్ కిందికి దిగి ఉన్నప్పుడు దాన్ని మార్చడం నిమిషాల పని. మార్చలేదు కాబట్టి 8,500 రూపాయల సెట్టు ఆరు నెలల్లో నూనె తాగింది. పెట్రోలు పెట్టి కడిగితే పోదా అని అడిగాను. ఆ పీచు నూనెను లోపలికి పీల్చుకుంటుంది, పైన తుడిచినా వేడెక్కాక మళ్లీ బయటికి ఊరుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ మీద నన్ను నిలబెట్టింది అందుకే.

తొలినాటి కార్ల క్లచ్ గురించి ఎక్కడో చదివాను. శంకు ఆకారంలో ఉండే ఆ క్లచ్‌లకు తోలు అతికించేవారు. తోలు ఎండి బిరుసెక్కితే నూనె పూసి మెత్తబరిచేవాళ్లు, నూనె ఎక్కువై జారితే ఫుల్లర్స్ ఎర్త్ చల్లేవాళ్లు. మనం ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి అన్నమాట. నూనె పీల్చుకోవడానికి. తర్వాత ఆస్బెస్టాస్ పీచు వచ్చింది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేసే కీడు తెలిశాక వేరే పీచులు వచ్చాయి. నూరేళ్లు దాటినా నీ మూలం మారలేదు. రెండు బిళ్లల మధ్య ఒరిపిడి ఉండాలి, ఆ ఒరిపిడి మధ్యలోకి నూనె రాకూడదు. పాత బండ్ల ప్లేటు దుమ్ముని గాలి కొట్టి ఊదే కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. తడిగుడ్డతో తుడవండి నాయనా, ఆ దుమ్ము పీల్చకండి.

నువ్వు ఒక్క వేషంతోనే వస్తే ఇంత రాయనక్కర్లేదు. జారడం నీ ఒక ముఖం. దానికి సరిగ్గా వ్యతిరేకమైనది రెండోది. పెడల్ నేలకు తొక్కినా ప్లేటు విడిపడదు. గేర్లు గట్టిగా పడతాయి, రివర్స్ వేస్తే గర్రుమంటుంది, క్లచ్ నిండా తొక్కి ఫస్ట్‌లో పెట్టినా బండి మెల్లగా ముందుకు పాకుతుంది. మా కాలేజీలో ఒక సహోద్యోగి బండికి ఇదే వచ్చింది. రివర్స్ మోత విని ఒకచోట గేర్‌బాక్స్ పోయిందన్నారు. ముప్పై వేలవుతుందన్నారు. ఆయన మొహం వాడిపోయి వచ్చి నాతో చెప్పాడు. అప్పటికి నాకు మేస్త్రి పాఠం అయింది.

"ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూశారా?"

వేసి చూస్తే వెన్నలో కత్తి దిగినట్టు అన్నీ పడ్డాయి. స్టార్ట్ చేస్తే మళ్లీ గట్టి. అంటే గేర్‌బాక్స్ లోపల పళ్లు బాగానే ఉన్నాయి, ఇంజిన్ తిరుగుడు వాటి దాకా రాకుండా ఆపాల్సిన క్లచ్ ఆపడం లేదు. క్లచ్ పెడల్‌ని వరసగా రెండు మూడు సార్లు కొట్టి గేరు వెయ్యమన్నాను. ఈసారి మెత్తగా పడింది. అక్కడ సంగతి తేలిపోయింది. ఆయనది హైడ్రాలిక్ క్లచ్, లైనులో గాలి పట్టడమో, పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి అందించే స్లేవ్ సిలిండర్లో రబ్బరు సీలు కారడమో అయుండాలి. రెండోదే అయింది. గేర్‌బాక్స్ బయట బిగించే సిలిండర్ కాబట్టి దింపే పని కూడా లేకుండా పోయింది. కొన్ని బండ్లలో ఆ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే, రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉంటుంది, వాటికి దింపక తప్పదు.

ఇక్కడ ఒక విషయం అందరూ గుర్తుంచుకోవాలని నా కోరిక. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేకుకీ ఒకే డబ్బాలోంచి బ్రేక్ నూనె వెళ్తుంది. డబ్బాలో నూనె తగ్గినప్పుడు ముందు క్లచ్ ఆగాలని, బ్రేకుకు ఇంకా మిగలాలని, క్లచ్‌కి వెళ్లే గొట్టాన్ని పైన పెడతారు. అలాంటి బండిలో పెడల్ మెత్తబడిందంటే, నీ వెనక ఇంకా పెద్ద ప్రమాదం నిలబడి ఉందన్నమాట. పైన కాస్త నూనె పోసి వదిలేసేవాళ్లను చూశాను. పోసిన నూనె ఎక్కడికి పోయిందో వెతకాలి. పెడల్ పైన, కాళ్ల దగ్గర తివాచీ తడిగా ఉందేమో తడిమి చూడాలి. మాస్టర్ సిలిండర్ కారితే అక్కడే దిగుతుంది.

ప్లేటు విడిపడకపోవడంలో ఇంకో రకం కూడా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మా వీధిలో ఒక బండి మూడు నెలలు కదల్లేదు. మా కృష్ణా తీరపు తేమకు ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుపోయింది. అది అరుగుదలా కాదు, లీకూ కాదు. బండి కదిపి వాడుతూ ఉంటే రాని బాధ.

మిగతా రెండు ముఖాల గురించి ఎక్కువ రాయను. బండి కదిలేటప్పుడు వణుకు వస్తే, ప్లేటు మీద నూనె, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలు, వంగిన ప్లేటు, ఇవన్నీ కారణాలు కావచ్చు. కానీ ముందు ఇంజిన్ మౌంటింగులు చూడాలి. అరిగిన మౌంటింగ్ రబ్బరు కూడా అచ్చం నీలాగే వణికిస్తుంది. ఇక చప్పుడు. క్లచ్ తొక్కినప్పుడు వచ్చే గీరుడు రిలీజ్ బేరింగ్‌ది. న్యూట్రల్‌లో కాలు తీసినప్పుడు వస్తూ, తొక్కితే ఆగిపోయే చప్పుడు గేర్‌బాక్స్ ముందు షాఫ్టు బేరింగ్‌ది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పెడల్ ఒకసారి తొక్కి, ఒకసారి వదిలి వింటే చాలు, సగం రోగం అక్కడే తెలుస్తుంది. దీనికి పనిముట్టు అక్కర్లేదు, మెకానిక్ అక్కర్లేదు.

నిన్ను ఇంటికి పిలుచుకొచ్చేది చాలాసార్లు మా కాళ్లే. ఇది నీ తప్పు అని చెప్పలేను. బెంజ్ సర్కిల్లో సాయంత్రం ఆరు గంటలకు నిలబడి చూస్తే తెలుస్తుంది. సిగ్నల్ పడేదాకా ఫస్ట్ గేర్లో క్లచ్ సగం తొక్కి, బండిని ముందుకూ వెనక్కీ ఊగిస్తూ ఉంటారు. సిగ్నల్ పడ్డాక కూడా ఎడమకాలు పెడల్ మీంచి దిగదు. హాఫ్ క్లచ్‌లో ఉన్నంతసేపూ ఫ్లైవీల్ ఒక వేగంతో, ప్లేటు ఇంకో వేగంతో తిరుగుతూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడంతా వేడి. ఫ్లైఓవర్ ఎక్కుడులో బ్రేకు బదులు హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టేవాళ్లు ప్లేటుని గ్యాస్ పొయ్యి మీద పెట్టినట్టే. హ్యాండ్ బ్రేకు ఉన్నది అందుకే. డ్రైవింగ్ స్కూళ్లలో మొదటి రోజు హాఫ్ క్లచ్ నేర్పుతారు, అది అవసరమే. రెండో రోజు కాలు పక్కన పెట్టడం నేర్పరు. పెడల్ పక్కన ఎడమకాలు పెట్టుకోవడానికి చోటు ఉంటుంది, చాలామందికి అది ఎందుకుందో తెలియదు.

క్లచ్ పెడల్ లేని బండి కొంటే నీ బెడద వదిలిందనుకునేవాళ్లకూ ఒక మాట. 2014లో సెలెరియో కారుతో మన దేశంలో ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) బండ్లు వచ్చాయి. మన కాలికి బదులు ఒక యంత్రం క్లచ్ తొక్కుతుంది, అంతే. లోపల ఉన్నది అదే పొడి ప్లేటు. ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలేటర్‌తో ఆపితే అదీ అంతే మాడుతుంది.

ఘాట్ దిగేటప్పుడు క్లచ్ తొక్కి బండిని వదిలేసేవాళ్ల గురించి నేను భయంతో రాస్తున్నాను. పెట్రోలు ఆదా అనుకుంటారు. తిరుమల కొండ మీంచి దిగే పాత ఘాట్ రోడ్డులో ఒక్కో మలుపు దగ్గర బ్రేకుల వాసన ఎందుకొస్తుంది? క్లచ్ తొక్కితే ఇంజిన్ బండిని పట్టుకోదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఏ గేర్లో ఎక్కుతామో అదే గేర్లో దిగాలని పాత డ్రైవర్లు చెప్పేవారు. క్లచ్ మీంచి కాలు తీసి, సెకండ్‌లో ఉంచి, ఇంజిన్‌నే బ్రేకుగా వాడాలి. క్లచ్ బతుకుతుంది, అంతకంటే ముందు బండిలో ఉన్నవాళ్లు బతుకుతారు.

గ్యారేజీల వాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. ఎండలో, నూనెలో, నడుములు విరిగేలా పని చేసే మనుషులు. నా మొదటి గ్యారేజీ వాళ్లు కూడా కావాలని చేశారని నేను అనుకోవడం లేదు. తొందరపడ్డారు. జారింది కాబట్టి ప్లేటు అన్నారు, ఎందుకు జారిందో అడగలేదు. కానీ ఆ తొందర ఖరీదు నా జేబులోంచి 8,500. అడవిలో మా అమ్మ పడ్డ భయానికి ఖరీదు కట్టలేను. పల్లెలో ఒకటే బండి మీద బతికే టాక్సీ అబ్బాయి సంగతి ఆలోచించండి. అప్పు చేసి సెట్టు మార్పించుకుని, మూడు నెలల్లో మళ్లీ అదే గ్యారేజీ ముందు నిలబడతాడు. నాకు జీతం ఉంది, తట్టుకున్నాను. అతనికి ఆ రెండో బిల్లు పిల్లల ఫీజు.

మెకానిక్ అన్నదమ్ములకు నాదొక మనవి. గేర్‌బాక్స్ దింపిన రోజు ఇంజిన్ వెనక సీలు, గేర్‌బాక్స్ ముందు సీలు రెండూ చూడండి. కూలి ఎలాగూ ఒకటే. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉంటే వాటి మీద కొత్త ప్లేటు బిగించకండి. తీసిన ప్లేటుని అడక్కుండానే బండి యజమాని చేతిలో పెట్టి, అరిగిందో, కాలిందో, తడిసిందో చెప్పండి. ఆ మూడు మాటల్లో ఒకటి చెప్పలేని గ్యారేజీలో నేను ఇక బండి పెట్టను.

ఇక నీతో చివరి మాట. నువ్వు మళ్లీ వస్తావని నాకు తెలుసు. పీచు ఒరుసుకునే వస్తువు, ఎంత జాగ్రత్తగా నడిపినా ఒకనాటికి అరుగుతుంది. అలా న్యాయంగా అరిగి వచ్చిన రోజున డబ్బు కట్టి మార్చుకుంటాను, నిన్ను ఒక్క మాట అనను. కానీ కారణం దాచిపెట్టి, వేరేవాళ్ల మీద నేరం తోసి, ఇంటిల్లిపాదినీ అడవిలో నిలబెట్టే వేషంలో మాత్రం ఇక నా దగ్గరికి రాలేవు.

ఈ ఉత్తరం చదివిన వాళ్లకు: రేపు పొద్దున బండి బయటికి తీశాక, అది రాత్రంతా నిలబడ్డ చోట నేల ఒకసారి చూడండి. రూపాయి బిళ్లంత మచ్చ కనిపిస్తే, వేలితో తుడిచి, వాసన చూసి, ఆ తర్వాతే గ్యారేజీకి వెళ్లండి.